విజయనగరం: అరకు దారి వదిలి ఒక్కరోజు

నమస్తే అండీ. వైజాగ్ దాకా వచ్చినవాళ్ళు బీచ్ చూసి, అటునుంచి అటే అరకు ఎక్కేస్తారు. నేనూ ఇన్నాళ్ళూ అదే బాపతు. ఈసారి బస్సెక్కి ఉత్తరానికి తిరిగాను. గంటన్నరలో విజయనగరం.

ముందు కోట. ఇప్పుడు మీరు చూస్తున్న ఈ రాతి బురుజులకి పునాది పడింది 1713లో. ఆ ఏడాది పేరు విజయ. రోజు విజయదశమి. వారం మంగళవారం, అంటే జయవారం. రాజుగారి పేరూ విజయరామరాజే! గెలుపు మీద ఇంత పట్టుదల ఉన్న ఊరు ఇంకోటి ఉంటే కామెంట్లో చెప్పండి. లోపలికెళితే ఏనుగులూ గుర్రాలూ ఏమీ లేవు, పుస్తకాల బ్యాగులతో కాలేజీ పిల్లలున్నారు. నాకైతే అదే నచ్చింది.

కానీ ఈ ఊరు గుండెల్లో పెట్టుకున్నది గెలుపుని కాదు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. ఫ్రెంచివాళ్ళ ఫిరంగుల సాయంతో విజయనగరమే గెలిచింది. ఆ సంబరం తీరకుండానే, అప్పటి రాజుని ఆయన డేరాలోనే తాండ్ర పాపారాయుడు చంపేశాడు. ఆ దుఃఖంతో రాజుగారి చెల్లెలు ప్రాణం విడిచిందనీ, ఆవిడే పైడితల్లమ్మగా పెద్దచెరువులో వెలిసిందనీ ఇక్కడివాళ్ళు చెబుతారు. ఆవిడ పేరుమీదే సిరిమానోత్సవం, దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం. పొడవాటి చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి, గుడి నుంచి కోటకి మూడుసార్లు తిప్పుతారు. మానుకి ఏ చెట్టు పనికొస్తుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందట. జనం విసిరే అరటిపళ్ళు ఆయనకి తగలకుండా ఎలా ఉంటాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు!

గంటస్తంభం దగ్గర ఆకలేసింది. ఒక కొట్టు ముందు కెమెరా పట్టుకుని నిలబడితే లోపల్నుంచి పెద్దావిడ, "ఏటి బాబూ, ఫొటోలు తీసుకుంతావా, తింతావా?" అంది. చేతిలో మామిడితాండ్ర ముక్క పెట్టింది. ఇదిగో, దగ్గరగా చూడండి. అంచున సన్నటి గీతలు కనబడుతున్నాయా? ఒక్కో గీత ఒక్కో పూత. తీపి కలిపిన మామిడిరసాన్ని చాపమీద పలచగా పూసి ఎండబెడతారు. ఆరాక దానిమీద ఇంకో పూత, మళ్ళీ ఎండ. వాన పడితే పని అయిపోయినట్టే. ఈ జిల్లాలో భీమాళి తాండ్రకి పేరు. పంటికి అతుక్కుంటుంది, మాట్లాడాలంటే కాస్త ఆగాలి. అందుకే ఆ క్లిప్‌లో నా వాయిస్ లేదు.

గురజాడ ఇల్లు కోటకి దగ్గరే. కన్యాశుల్కం మొదలయ్యే బొంకులదిబ్బ కూడా ఈ ఊరిదే. నాటకం చదివినవాళ్ళు అక్కడ నిలబడి ఒక్కసారైనా నవ్వుకోకుండా ఉండలేరు.

చివరికి సంగీత కళాశాల. 1919లో మొదలైంది, తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు ఇక్కడే వయొలిన్ చెప్పారు. ఘంటసాల ఇక్కడ చదువుకునే రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. ఆ మాట తెలిసి చూస్తే ఈ వీధుల్లో పాత అరుగులన్నీ వేరేగా కనబడతాయి. నేను వెళ్ళినప్పుడు లోపల ఎవరో ఒకే వరుసని పదేపదే సాధన చేస్తున్నారు. తప్పు పోతే మళ్ళీ మొదటికి. లోపలికి వెళ్ళి ఇబ్బంది పెట్టలేదు, కిటికీ బయటే మైక్ పెట్టాను.

సిరిమానుకి రావాలనుకుంటే రూమ్ ముందే చూసుకోండి, ఆ రెండురోజులూ ఊళ్ళో కాలు పెట్టే చోటుండదు. ఇప్పుడు నేను ఆపేస్తాను, ఆ సాధన వినండి.