సోర్స్ కోడ్ మన చేతికి వచ్చేలా ఎస్క్రో ఒప్పందం రాసుకోవడం ఎలా?
(కడపలో వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఎర్రగుంట్ల వైపు సిమెంటు డీలర్లు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వాళ్లు, బండల ఫ్యాక్టరీల వాళ్లు ఇక్కడున్నారు. మీ బిల్లింగో, కాటా లెక్కలో హైదరాబాదులోనో బెంగళూరులోనో ఒక చిన్న కంపెనీ రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంటే ఈ మాటలు మీ కోసమే.

2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. రేటును సెట్టింగుల్లో మార్చుకోగలిగితే అది నిమిషాల పని. రేటు కోడ్‌లోనే రాసేసి ఉండి, రాసిన కంపెనీ మూతపడి ఉంటే మాత్రం కంప్యూటరు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తూనే తప్పు బిల్లులు కొడుతుంది. మీ దగ్గరున్నది నడిచే ప్రోగ్రాము. దాన్ని మార్చడానికి కావలసిన సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, రాసిచ్చిన కంపెనీ (వెండర్) దగ్గర ఉంది. ఆ కోడ్‌ను ముందుగానే మూడో సంస్థ (ఏజెంటు) దగ్గర దాచి, ఎప్పుడు మీకివ్వాలో ముగ్గురూ సంతకాలతో రాసుకునేదే ఎస్క్రో. పెద్ద బ్యాంకులకు ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. కీలకమైన అప్లికేషన్ల సోర్స్ కోడ్ తీసుకోండి, కుదరకపోతే ఎస్క్రో వంటి ఏర్పాటు చేసుకోండి అని రిజర్వు బ్యాంకు 2023 నవంబరు ఆదేశాల్లో చెప్పింది.

ఎస్క్రోలు ఎక్కువగా చెడేది డిపాజిట్ దగ్గర, అంటే కోడ్‌ను ఏజెంటుకు అప్పగించే దగ్గర. వెండర్ కోడ్ ఫోల్డరు జిప్ చేసి పంపుతాడు, ఏజెంటు రసీదు ఇస్తాడు, మీరు ఫైల్లో పెట్టేస్తారు. అవసరమొచ్చిన రోజు తెరిస్తే అది బిల్డ్ కాదు, అంటే దాన్నుంచి నడిచే ప్రోగ్రాము తయారవదు. కోడ్‌ను ప్రోగ్రాముగా మార్చే కంపైలర్ ఏ వెర్షనో తెలియదు, బయటినుంచి తెచ్చి వాడిన ఒక రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ) ఇంటర్నెట్‌లో ఇప్పుడు దొరకదు, డేటా తాళంచెవి లాంటి ఎన్‌క్రిప్షన్ కీ వెండర్ ఇంజినీరు లాప్‌టాప్‌లో ఉండిపోయింది. అందుకే డిపాజిట్‌లో ఏమేం ఉండాలో ఒప్పందానికి అనుబంధంగా పేరుపేరునా రాయండి: సోర్స్, బిల్డ్ స్క్రిప్టులు, వెర్షన్ నంబర్లతో సహా లైబ్రరీలు, డేటాబేస్ నిర్మాణం (స్కీమా), కీలు, సర్టిఫికెట్లు, ఇన్‌స్టలేషన్ సూచనలు. మీ ఖాతాదారుల వివరాలు మాత్రం అందులోకి పోకూడదు. పరీక్షకు నమూనా డేటా చాలు.

తర్వాత పరీక్ష. వెండర్ మనిషి ముట్టుకోకుండా, ఏజెంటు ఇంజినీరు ఇంటర్నెట్ లేని కొత్త మెషీన్ మీద డిపాజిట్ నుంచే బిల్డ్ చేయాలి. అలా వచ్చిన ప్రోగ్రాములో ఒక కొనుగోలు, ఒక అమ్మకం, ఒక రిటర్న్ ఎక్కించి మీ ఆఫీసులో వచ్చే బిల్లుతో పోల్చాలి. ఫైళ్లు ఉన్నాయో లేదో లెక్కచూసే చవక పరీక్షతో సరిపెట్టుకోవద్దని నా గట్టి సలహా. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ వద్దు. కొత్త వెర్షన్ వచ్చిన 15 రోజుల్లో, అసలు మార్పే లేకపోయినా 3 నెలలకోసారి డిపాజిట్ పడాలి. పడకపోతే ఏజెంటు మీకు రాతపూర్వకంగా తెలపాలి. రెండేళ్ల నాటి కోడ్ ఈనాటి డేటాబేస్‌ను చదవలేకపోవచ్చు.

కోడ్ మీకెప్పుడు ఇవ్వాలో చెప్పే విడుదల షరతుల్లో ‘సంతృప్తికరమైన సేవ అందనప్పుడు’ అని రాస్తే గొడవే. బిల్లింగ్ ఆగిందని రాతపూర్వక ఫిర్యాదు చేశాక 72 గంటల్లో బాగుచేయకపోతే, వరుసగా 30 రోజులు సపోర్టు లేకపోతే, కంపెనీని కొన్నవాళ్లు మీ బాధ్యత తీసుకోకపోతే అని అంకెలతో రాయండి. దివాలా ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. దివాలా ప్రక్రియ మొదలైతే 2016 దివాలా చట్టం సెక్షన్ 14 కింద మారటోరియం (తాత్కాలిక నిలుపుదల) వస్తుంది, కంపెనీ ఆస్తుల బదిలీ ఆగుతుంది. కోడ్ కూడా ఆస్తేనన్న వాదన అప్పుడు లేస్తుంది. దివాలాకు ముందే సపోర్టు కుంటుపడుతుంది, మీ షరతు అక్కడే పట్టుకోవాలి.

కోడ్ విడుదల చేయమని మీ లేఖ అందాక వెండర్ అభ్యంతరానికి 10 పనిదినాలు చాలు. అభ్యంతరం వస్తే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు), అదీ కడపలో. ఇరువర్గాలూ ఒప్పుకుంటే ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 29బి కింద తీర్పుకు 6 నెలల గడువుంది. కానీ 6 నెలలు బిల్లులు లేకుండా అంగడి నడవదు. తీర్పు వచ్చేలోగా మరమ్మతు వరకు కోడ్ వాడుకోవచ్చని తప్పక చేర్చండి.

ఇక లాయర్లు కూడా దాటేసే ఒక సంగతి. కోడ్ చేతికొచ్చినా మార్చే హక్కు విడిగా రాసి ఉండాలి. కాపీరైట్ చట్టంలో హక్కు బదిలీకి పెట్టిన సెక్షన్ 19 నియమాలు సెక్షన్ 30ఎ ద్వారా లైసెన్సులకూ, అంటే వాడుకునే అనుమతులకూ, వర్తిస్తాయి. ఎంతకాలమో రాయకపోతే ఆ హక్కు 5 ఏళ్లే. ఇచ్చిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరుగా రాసుకుంటే తప్ప, అది రద్దయిపోతుంది. ఎస్క్రోలో హక్కు ఏళ్ల తరబడి వాడకుండానే ఉంటుంది కదా! కాబట్టి ‘హక్కు ఈ రోజే ఇస్తున్నాం, విడుదల తర్వాత వాడుకోవచ్చు, సెక్షన్ 19(4) గడువు వర్తించదు, బయటి ఇంజినీర్లతోనూ పని చేయించుకోవచ్చు’ అని, కాలం కూడా వేసి రాయించండి.

సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా వేరేవాళ్ల సర్వర్ల మీద, నడుస్తుంటే కోడ్ ఒక్కటే చాలదు. సర్వర్ ఏర్పాటు స్క్రిప్టులు, క్లౌడ్ ఖాతా అధికారాలు, మీ డేటా రోజువారీ బ్యాకప్ కూడా ఒప్పందంలోకి రావాలి.

రెడీమేడ్ అకౌంటింగ్ ప్యాకేజీకి ఇవేవీ అక్కర్లేదు, ఇంకొకటి కొనుక్కోవచ్చు. మీ కోసమే రాయించుకున్నదానికైతే ఎస్క్రో మాట పర్చేజ్ ఆర్డర్ ఇవ్వకముందే ఎత్తండి. చివరి వాయిదా సొమ్ము, ఏజెంటు ఇచ్చిన బిల్డ్ పరీక్ష నివేదిక మీ చేతికందాకే చెల్లిస్తామని ఆ ఆర్డర్‌లోనే రాయండి.