పాదం ఏ గీత దాకా ముంచారు?

సభకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పిన మంచి మాటల్లో సగం తీసేయండి, మిగతా సగం వయసు మీద పడి వచ్చినవే. కీళ్లవాతం మందులను జంతువుల మీద ఎలా పరీక్షిస్తారో చెప్పమన్నారు. చెబుతాను. కానీ నా బుర్ర ఎన్నో ఏళ్లుగా ఒక ఎలుక పాదం దగ్గరే ఆగిపోయింది, అక్కడి నుంచే మొదలుపెడతాను.

సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసే, వాపు తెప్పించే కారజీనాన్ మీకు తెలిసిందే. ఒక శాతం ద్రావణం, 0.1 మి.లీ., వెనక కాలి పాదంలోకి. మూడు గంటలు తిరిగేసరికి పాదం ఉబ్బిపోతుంది. మందు పనిచేస్తే ఆ వాపు తక్కువగా ఉండాలి. 1962 నుంచి ఊరూరా చేస్తున్న పరీక్ష. మడమ పైన మార్కర్‌తో గీత గీసి, ప్లెథిస్మోమీటర్ నీళ్లలో ఆ గీత దాకా ముంచుతాం. ఎంత నీరు పక్కకు జరిగితే పాదం అంత. వినడానికి ఎంత తేలికో! ఎలుక గింజుకుంటుంది. గీతను నాకి సగం చెరిపేస్తుంది. మిగిలిన సగాన్ని మనమే ఊహించుకోవాలి.

విద్యార్థిగా ఉన్నప్పుడు ఏ బోనులో మందు వేసిన ఎలుకలున్నాయో నాకు తెలుసు. మందు పనిచేయాలని నాకు ఆత్రం, మా గైడ్‌కి అంతకు రెట్టింపు ఆత్రం. ఒక్క అంకె కూడా మార్చలేదు, ఒట్టు. కంట్రోల్ ఎలుక, అంటే మందు వేయని ఎలుక కాలు వెంట్రుకవాసి లోతుకు దిగేది, మందు ఎలుక కాలు వెంట్రుకవాసి పైనే ఆగేది. ఆ సంగతి నా చేతికి తప్ప నాకు తెలియదు.

అనుమానం వచ్చి ఒకరోజు బోనుల నంబర్ల మీద టేపు అంటించి, జూనియర్ అమ్మాయిని కొలవమన్నాను. మందు గొప్పతనం చాలావరకు ఆవిరైపోయింది. మా గైడ్ ఏమన్నారో తెలుసా? 'ఆ అమ్మాయికి కొలవడం రాదు' అన్నారు. నా లెక్కలే అచ్చయ్యాయి. ఆ అమ్మాయికి నేను ఇప్పటికీ క్షమాపణ బాకీ.

ఇంకో గొడవ. మందు గంట ముందే ఇచ్చి, ఆ తర్వాత వాపు తెప్పిస్తాం. ఇంటికి నిప్పంటుకోకముందే నీళ్లు చల్లి, మంట ఆర్పేశామని రాసుకుంటాం! రోగి అలా రాడుగా, వేళ్లు వంకరపోయాక వస్తాడు. చంపిన క్షయ సూక్ష్మజీవులను నూనెలో కలిపి ఇచ్చే పద్ధతిలో ఎలుకకు కీళ్లు వాయడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. అన్నాళ్లు ఆగే ఓపిక లేక మొదటి రోజు నుంచే మందు మొదలుపెట్టేస్తారు. ఆ ఎలుకల్లో మామూలు నొప్పి మాత్రలు కూడా ఎముక అరుగుదలను తగ్గిస్తాయి. మనిషిలో అదే మాత్ర నొప్పి తగ్గిస్తుంది, ఎముక మాత్రం అరుగుతూనే ఉంటుంది.

ఓపిక పట్టినవాళ్లూ ఉన్నారు. 1992లో ఫెల్డ్‌మన్, మైనీ అనే పరిశోధకుల బృందం కీళ్ల మృదులాస్థిలో ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్‌తో కీళ్లవాతం తెప్పించిన చిట్టెలుకల మీద వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీని పరీక్షించింది. జబ్బుకు ముందు ఇచ్చి చూశారు, కీళ్లు వాచాక కూడా ఇచ్చి చూశారు. వాచాక ఇచ్చినా తగ్గింది. ఆ దారిలోనే టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు రోగుల దాకా వచ్చింది.

అధ్యక్షులవారు టైమ్ అయిందని చీటీ పంపారు. మిగిలిన స్లైడ్లు వదిలేస్తున్నాను. ఒక్కటి తేల్చి పంపండి: రేపటి నుంచి మీ ల్యాబ్‌లో బోనులకు కోడ్ నంబర్లు వేసి, ఏ కోడ్ ఏ బోనుదో రాసిన చీటీ తన దగ్గర దాచుకునేది ఎవరు? పేరు చెప్పండి. ముందు వరసలో కూర్చున్న గైడ్‌లది కాకుండా.