పాత స్వరాల పుస్తకంలో బ్యాండు వరసలు

శ్రోతలకు నమస్కారం.

సా సా రీ | నీ, స రీ | గా గా మా | గా, రి సా. ఇంట్లో హార్మోనియం ఉంటే ఈ స్వరాలు మెట్ల మీద ఒకసారి నొక్కి చూడండి. అందులో నీ మాత్రం మంద్రంలో, అంటే కింది స్థాయిలో పట్టాలి. వినపడేది ఇంగ్లండు రాజగీతం. మన దగ్గర దాని సాహిత్యం ‘సంతతం పాహిమాం సంగీత శ్యామలే’. ముత్తుస్వామి దీక్షితులవారి నొట్టుస్వరం ఇది. ఇంగ్లీషు నోటే మన నోట్లో పడి నొట్టు అయింది.

దీక్షితులవారి కుటుంబం మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో, కంపెనీవారి దుబాసీగా ఉన్న ముదలియార్లు వాళ్లను ఆదరించారు. సెయింట్ జార్జి కోటలో బ్యాండు విన్నది వాళ్ల వెంట వెళ్లే. తమ్ముడు బాలుస్వామి ఫిడేలు పట్టాడు, అన్నగారు ఆ వరసలకు సంస్కృతం కట్టారు. ‘వందే మీనాక్షి’ది ఐర్లండు వరస, ‘జగదీశ గురుగుహ’ది స్కాట్లండు రీలు డాన్సు వరస. ‘శ్యామలే మీనాక్షి’ బాణీని ట్వింకిల్ ట్వింకిల్ అంటుంటారు కానీ, అది అంతకుముందునుంచీ ఉన్న ఫ్రెంచి పాటది. ట్వింకిల్ పద్యం 1806లో గానీ రాలేదు.

సి.పి. బ్రౌన్ సేకరించిన రాతప్రతుల్లో, 1830ల నాటి స్వరాల పుస్తకంలో ఈ పాటలు కొన్ని ఉన్నాయి. 1893లో చిన్నస్వామి ముదలియార్ వీటిని స్టాఫ్ నొటేషన్‌లో, అంటే పాశ్చాత్యుల గీతల స్వరలిపిలో అచ్చు వేశారు. అచ్చులో ఉన్నవాటితో పేచీ లేదు. చిక్కంతా తెలుగు లిపిలో చేత్తో రాసిన ఇలాంటి స్వరాల పుస్తకాలతోనే.

అలాంటి పుస్తకం తెరవగానే పాడబోకండి, ముందు లెక్క పెట్టండి. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు, కామా పడితే మరొకటి. ఇందాకటి పాటలో మొదటి వరుస ‘సా సా రీ’, ఆరు మాత్రలు. రెండోది ‘నీ, స రీ’. నీకి కామాతో కలిపి మూడు, సకి ఒకటి, రీకి రెండు, మళ్లీ ఆరు. ఆ ఆరు మాత్రల గంపను కొలత అనుకుందాం. డాన్సు వరసైతే సాధారణంగా భాగానికి 8 కొలతలు, రెండు భాగాలు, ఒక్కోటి రెండేసి సార్లు, వెరసి 32. అడుగులు వేసేవాళ్ల కాళ్లకు కుదరాలి మరి. రెండోసారి వాయించేది మళ్లీ రాయరు కాబట్టి పేజీ మీద 16 కనిపిస్తే ఏదో పోయిందని కంగారుపడక్కర్లేదు. రాజగీతం మాత్రం ఈ లెక్కకు లొంగదు. మొదటి భాగం 6 కొలతలే, రెండోది 8. రాసినవాడు రెండు మరిచిపోయాడని మీరు కలిపేశారో, పాట చెడినట్టే.

లెక్క తప్పితే ముందు రి, ని అనుమానించాలి. రి, రీల తేడా గుడి చివర ఒక్క మెలికే. సిరా కాగితాన్ని తిన్నచోట మొదట పోయేది అదే. సాహిత్యం కింద రాసి ఉంటే సాయం పడుతుంది. ‘పాహిమాం’లో పా మూడు మాత్రలు, హి ఒకటి, మాం రెండు. గురులఘువులు స్వరంతో చక్కగా కలిశాయి. ప్రతిచోటా ఇంత బాగా కుదరదు. ‘సంతతం’లో నడిమి త లఘువే అయినా దానికీ రెండు మాత్రలు పట్టాయి.

తర్వాత చుక్కలు. ని కింద మంద్రస్థాయి చుక్క పురుగు తినేస్తే, సా సా రీ తర్వాత గొంతు ఒక్కసారిగా పైకి ఎగరాల్సి వస్తుంది. అలాంటి గెంతు కనిపిస్తే చుక్క కోసం భూతద్దం పెట్టి వెతకండి.

అన్నిటికంటే మోసకారి ప, స జంట. తొందర రాతలో రెండూ ఒకేలా ఉంటాయి. పైగా షడ్జమం (స), పంచమం (ప) ఒకదానికొకటి పొత్తు కుదిరే స్వరాలు కాబట్టి, ఒకటి పాడాల్సిన చోట ఇంకోటి పాడినా చెవికి అపస్వరం అనిపించదు. దీన్ని చెవి పట్టదు, కన్నే పట్టాలి. అదే చేతిరాతలో ‘పాహి’ లాంటి మాటలో ప ఎలా రాశాడో, ‘సంగీత’లో స ఎలా రాశాడో చూసి పోల్చుకోండి.

మ సంగతి వేరు. అందులో రెండు రకాలు, కింది శ్రుతిది శుద్ధ మధ్యమం, పై శ్రుతిది ప్రతి మధ్యమం. రెంటికీ మనకు అక్షరం ఒక్కటే, తేడా చెప్పేది పైనున్న రాగం పేరు. నొట్టుస్వరాలు శంకరాభరణం మేళానివి గనుక శుద్ధ మధ్యమమే అనుకుని పోతాం. కానీ బ్యాండు వరసలు కొన్ని మధ్యలో పంచమాన్నే ఆధారంగా చేసుకుని నడుస్తాయి. అక్కడ పా మా పా వస్తే వాళ్లు వాయించేది ప్రతి మధ్యమం. పేజీ మీద దానికి గుర్తే ఉండకపోవచ్చు.

వాయించేటప్పుడు గమకం, అంటే స్వరాన్ని ఊపడం వద్దు. గాంధారాన్ని (గ) అలవాటుకొద్దీ ఊపితే డాన్సు నడక పోతుంది. అనుమానమున్న మ పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్న గుర్తు పెట్టుకోండి. అదీ నకలు కాగితం మీదే, అసలు ప్రతి మీద కాదు.