దెబ్బ వేరు, గాలి వేరు

(ఇంజినీర్ల దినోత్సవం సందర్భంగా వరంగల్‌లో మెకానికల్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, షాపులు మూసుకొని మరీ వచ్చిన వర్క్‌షాపు పనివారికి, విద్యార్థులకు నమస్కారం. సెప్టెంబరు 15 మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జయంతి కాబట్టి ఆయన గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. 1908 నాటి మూసీ వరద తర్వాత హైదరాబాదుకు రక్షణ పథకం రూపొందించిన ఆ మహనీయుడికి నమస్కరించి, ఆయన పేరు మీద దొరికిన ఈ సమయాన్ని నేను చాలాకాలంగా చెప్పాలనుకుంటున్న విషయానికి వాడుకుంటాను. నిర్వాహకులు మన్నించాలి.

నేను చెప్పదలచింది ఒక్కటే. మన నూర్పిడి యంత్రాలలో గింజను రాల్చే డ్రమ్మునూ, పొల్లును ఎగరగొట్టే ఫ్యానునూ ఒకే షాఫ్టు మీద, అంటే తిరిగే ఒకే ఇరుసు మీద, బిగిస్తున్నారు. ఆ రెండింటినీ విడదీయాలి.

కల్లం చూసినవారు ఈ సభలో కొందరైనా ఉంటారు. పశువులతో బంతి తిప్పి గింజ రాల్చడం ఒక పని. గాలి వాలు చూసుకొని, పీట మీద నిలబడి, చాటతో తూర్పారబట్టడం మరో పని. గాలి తగ్గితే చాటను ఇంకాస్త పైకెత్తేవారు, పెరిగితే దించేవారు, అసలు గాలే లేకపోతే సాయంత్రం దాకా ఆగేవారు. అంతేగాని గాలి తగ్గిందని ఎవరూ ఎద్దులను తరమలేదు. చైనాలో హాన్ వంశపు కాలంలోనే చేతితో తిప్పే తూర్పార ఫ్యాను ఉండేది. డ్రమ్ముతో గింజ రాల్చే యంత్రాన్ని స్కాట్లాండ్‌లో ఆండ్రూ మీకిల్ తయారుచేసింది 1786 ప్రాంతంలో. అంటే చరిత్రలో కూడా ఇవి రెండూ వేరువేరుగా పుట్టిన పనిముట్లే.

మన వర్క్‌షాపుల్లోకి వచ్చిన థ్రెషర్ నమూనాలు చాలావరకు గోధుమ కోసం తయారైనవి. ఇప్పుడు లెక్క వేద్దాం. విద్యార్థులు నోటుపుస్తకం తీయండి. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ము నిమిషానికి 700 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు దాదాపు 22 మీటర్లు. గోధుమకు అది తగిన వేగమే. మేకుల డ్రమ్ముతో వరిని నూర్చడానికి 12 నుంచి 16 మీటర్లు చాలు. పెసర్లకు, కందులకు అంతకన్నా తక్కువ వేగం కావాలి, లేకపోతే గింజ కల్లంలోనే పప్పుగా విడిపోతుంది, విత్తనానికి పనికిరాదు. సరే, వరి కోసం 450 చుట్లకు తగ్గించారనుకోండి. డ్రమ్ము అంచు వేగం 14 మీటర్లకు దిగింది, గింజ బతికింది. అదే షాఫ్టు మీద ఉన్న ఫ్యాను సంగతి ఏమిటి? గాలి పరిమాణం చుట్లకు అనులోమంగా తగ్గుతుంది కాబట్టి 64 శాతానికి పడిపోతుంది; ఒత్తిడి చుట్ల వర్గానికి అనులోమంగా తగ్గుతుంది కాబట్టి 41 శాతమే మిగులుతుంది. ఆ గాలికి పొల్లు లేవదు. ఆపరేటర్ ఏం చేస్తాడు? మళ్లీ వేగం పెంచుతాడు. గింజ పగులుతుంది, గడ్డి నలిగి ముక్కలవుతుంది, ఆ ముక్కలు గింజలతో కలిసి జల్లెడ రంధ్రాల గుండా కిందికి దిగుతాయి. గాలి కోసం పెంచిన వేగమే గాలికి లొంగని చెత్తను తయారుచేస్తుంది.

గాలి వచ్చే నోటికి రేకు పెట్టి సర్దుకోవచ్చు కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. ఆ రేకు ఉన్న గాలిని తగ్గించగలదు, లేని గాలిని తేలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పరకాల దగ్గర మా ఊరి కొనుగోలు కేంద్రంలో, ఒక యాసంగిలో, వరుసకు నాకు వదిన అయ్యే ఒకామె వడ్ల కుప్ప పక్కన కూర్చొని ఉంది. హార్వెస్టర్‌తో కోయించిన వడ్లు. పొల్లు ఉందని బస్తాకు ఇంత తరుగు అన్నారు. శుభ్రంచేసే మిషన్ దగ్గర వరుస పెద్దది, పడమటి దిక్కున మబ్బు పట్టింది. నన్ను చూడగానే, ‘మరిదీ, నువ్వు మిషన్ల సదువు సదివినోనివి గద. వడ్లు నేను పండిస్తి, పొల్లు మిషన్ల నుంచి వచ్చె, తరుగు నా మీద పడ్తదా?’ అని అడిగింది.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. కుప్ప మధ్య నుంచి రెండు దోసిళ్ల వడ్లు తీసి, తువ్వాల పరిచి, గింజ గింజా ఏరడం మొదలుపెట్టాను. మంచి గింజలను పక్కన పెడితే నాలుగు చిన్న కుప్పలు తేలాయి. ఒకటి పొల్లు: గాలి చాలలేదన్న మాట. రెండవది గోరంత పొడవున్న గడ్డి ముక్కలు: డ్రమ్ము వేగం ఎక్కువైంది. మూడవది ఊక ఊడి తెల్లగా బయటపడిన బియ్యపు గింజలు: డ్రమ్ముకూ, దాని కింద ఉండే ఇనుప జాలికీ మధ్య సందు ఇరుకైంది. నాలుగవది మట్టి బెడ్డలు: కోత బ్లేడు నేలను గీరుకుంటూ పోయింది. ఆ తువ్వాల మీద యంత్రం తన జబ్బులన్నీ తానే చెప్పుకుంది. వాటిలో ఒక్కటి కూడా ఆమె సేద్యంలోని లోపం కాదు. అయినా కాంటా దగ్గర నష్టపోయింది ఆమే. నిర్ణీత శాతానికి లోబడి ఉన్న వడ్లకు కూడా కొన్నిచోట్ల తరుగు తీస్తున్నారు. అది అన్యాయమని ఏ వేదిక మీదనైనా చెబుతాను. కాని శాతం దాటిన ప్రతి గింజ వెనుకా ఒక బోల్టు, ఒక పుల్లీ, ఒక జల్లెడ ఉన్నాయి, వాటికి జవాబు చెప్పవలసింది మన వృత్తి.

నిజానికి మీ డిజైనుకు కావలసిన ప్రమాణం ఆ కేంద్రాల బోర్డు మీదనే రాసి ఉంటుంది. గడ్డి, పొట్టు వంటి వ్యర్థాలు 1 శాతం, మట్టి, రాళ్ల వంటివి 1 శాతం, పక్వానికి రాని, ముడుచుకుపోయిన గింజలు 3 శాతం, తేమ 17 శాతం మించరాదు. రైతును ఈ అంకెలతో కొలుస్తున్నాం. యంత్రాన్ని అమ్మేటప్పుడు మాత్రం గంటకు ఎన్ని క్వింటాళ్లు నూరుస్తుందో చెబుతాం, ఎంత శుభ్రంగా నూరుస్తుందో చెప్పం.

హార్వెస్టర్‌లో ఫ్యాను వేగాన్ని విడిగా మార్చుకునే ఏర్పాటు ఉంటుంది కదా, మరి ఆ వడ్లలో పొల్లు ఎందుకు వచ్చింది అని అడగాలి మీరు. ఏర్పాటు ఉండటం వేరు, దాన్ని వాడగలగడం వేరు. ఉదయం మంచుకు తడిసిన గడ్డి బరువుగా ఉంటుంది, జల్లెడకు అంటుకుంటుంది. మధ్యాహ్నానికి అదే మడిలో గడ్డి పెళుసుబారి, తాకితే ముక్కలవుతుంది. రెండు పూటలకూ ఒకే అమరిక పనికిరాదు. గంటకింత అని కిరాయి నడుస్తున్నప్పుడు, వెనుక పది మంది రైతులు తమ మడికి ఎప్పుడు వస్తాడా అని చూస్తున్నప్పుడు, డ్రైవరు బండి ఆపి మార్పులు చేస్తాడని ఆశించడం న్యాయం కాదు. గాలినీ, జాలి సందునూ మార్చే పిడులు కూర్చున్న చోటి నుంచే చేతికి అందాలి, ఏ పంటకు ఎక్కడ నిలపాలో వాటి పక్కనే తెలుగులో గీతలు కొట్టి రాసి ఉండాలి.

థ్రెషర్ విషయానికి మళ్లీ వస్తాను. రెండు షాఫ్టులు ఎందుకు పెట్టరని ఒక వర్క్‌షాపు యజమానిని అడిగితే, ‘ఇంకో షాఫ్టు, రెండు బేరింగులు, ఒక బెల్టు, రెండు పుల్లీలు పెరుగుతయి సార్, రైతు రేటు చూస్తడు’ అన్నారు. ఆయన మాట అబద్ధం కాదు. ఆ అదనపు ఖర్చు ఎన్ని బస్తాల తరుగుతో తిరిగి వస్తుందో లెక్కగట్టి చూపించేవారు లేకనే రైతు రేటు చూస్తున్నాడు. ఆ లెక్క మనం చేయాలి.

ఈ సభలో థ్రెషర్లు తయారుచేసేవారు ఒక్కసారి చెయ్యి ఎత్తండి. సంతోషం. మీకు ఇంకొక్క మాట. పంటను లోపలికి తోసే నోటి దగ్గర పొడవైన, పైన మూత ఉన్న తొట్టి లేకుండా ఒక్క యంత్రం కూడా మీ గేటు దాటకూడదు. చేతులు డ్రమ్ములోకి పోతున్నాయనే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది, అది పవర్ థ్రెషర్లను ఉద్దేశించిందే. రేకు ఆదా చేయడానికి ఆ తొట్టిని కురచ చేయడాన్ని నేను ఏ కారణంతోనూ ఒప్పుకోను.

చివరి సంవత్సరం విద్యార్థులను అడుగుతున్నాను. మీ ప్రాజెక్టుకు ఒక పాత థ్రెషర్ తీసుకోండి. ఫ్యానును వేరే షాఫ్టు మీదికి మార్చి, మెట్ల పుల్లీ (బెల్టును మెట్టు మార్చి వేగం మార్చుకునే పుల్లీ) పెట్టి, డ్రమ్మును తాకకుండా గాలి ఒక్కటే మారేటట్టు చేయండి. వానాకాలం పెసర్లు, వడ్లు, ఆ తర్వాత కందులు, ఈ మూడింటితో నడపండి. వెనుక టార్పాలిన్ పరిచి, గాలితో ఎగిరిపోయిన గింజను కూడా పట్టి తూకం వేయండి, ఎందుకంటే పొల్లు పోవాలని గాలి పెంచి గింజను పొలం పాలు చేస్తే అది మరో నష్టం. ప్రతి వేగం దగ్గరా ఒక కిలో నమూనా తీసి, మంచి గింజ, పొల్లు, గడ్డి ముక్కలు, పగిలిన గింజ విడివిడిగా తూచి పట్టిక రాయండి. తేమ శాతం రాయని పట్టికను నేను చూడను. చేయి ఎత్తినవారిలో ఎవరైనా పాత యంత్రం ఒకటి ఇస్తే, షాఫ్టుకూ బేరింగులకూ అయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను. సభ ముగియగానే ఇక్కడే, ఈ బల్ల దగ్గర పేర్లు రాసుకుందాం.