చెరువు గట్టున ఈరోజు, కంప్యూటర్‌లో నిన్న

(నెల్లూరులో కంప్యూటర్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ నాకంటే ముందు మాట్లాడినవారు బిరుదులతో సహా చెప్పేశారు. మళ్లీ మొదలుపెడితే నాకిచ్చిన సమయంలో సగం వాటికే సరిపోతుంది. ఉద్యోగాలు ఎలా సంపాదించాలో చెప్పమని నన్ను పిలిచారు. అది చెప్పేవాళ్లు వీధికి నలుగురున్నారు. నేను డేటాబేస్‌లో టైమ్ జోన్ మార్పిడి, అంటే ఒక ప్రాంతపు సమయాన్ని మరో ప్రాంతపు సమయంలోకి మార్చడం, ఎలా జరుగుతుందో, దాన్ని మన ఆఫీసుల్లో ఎవరూ ఎందుకు రాసిపెట్టరో మాట్లాడతాను. నిర్వాహకులు మన్నించాలి.

మీలో రొయ్యల చెరువులున్న ఇళ్ల పిల్లలు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అయితే పట్టుబడి ఎప్పుడు చేస్తారో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎండ తగిలితే సరుకు చెడుతుంది కనుక చాలామంది అర్ధరాత్రి దాటాక వల దించుతారు. తెల్లవారేలోగా తూకం, ఐసు, లారీ అన్నీ అయిపోవాలి. డబ్బు మాత్రం కౌంటును (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో ఆ లెక్కను) బట్టి, ఆ రోజు రేటును బట్టి.

విడవలూరు వైపు నాకు తెలిసిన ఒక రైతు ఒక ఏడాది జనవరి 15న తెల్లవారుజామున మూడు గంటలకు తూకం వేయించాడు. ఆ రోజు రేటు పెరిగింది. సరుకు కొన్న సంస్థ ఇచ్చిన బిల్లులో తేదీ 14, సమయం సాయంత్రం నాలుగు, రేటు పాతది. అడిగితే ‘కంప్యూటర్‌లో అలాగే ఉంది’ అన్నారు. ఆయన వదల్లేదు. ‘సాయంత్రం నాలుగింటి ఎండలో వల దించే రైతును ఈ చుట్టుపక్కల ఒక్కణ్ని చూపించండి, పాత రేటే తీసుకుంటాను’ అన్నాడు. లెక్క చూసిపెట్టమని నా దగ్గరికి వచ్చాడు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మన మూడు గంటలంటే యూటీసీ (ప్రపంచానికంతటికీ ప్రామాణిక సమయం, మనది దానికి ఐదున్నర గంటలు ముందు) ప్రకారం ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. ఆ సంస్థ వాడేది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. అందులో ఆ తొమ్మిదిన్నరను జోన్ లేని టైమ్‌స్టాంప్‌గా, అంటే తేదీ, సమయం ఉండి ఏ ప్రాంతానివో చెప్పని విలువగా దాచారు. బిల్లు తయారుచేసినవారు దాన్ని మన సమయంలోకి తేవాలని ‘ఎట్ టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా’ అని ఒక్కసారి రాశారు. చదివితే సబబుగానే ఉంటుంది. కానీ జోన్ లేని విలువ మీద ఆ మాట వాడితే, డేటాబేస్ దాన్ని కోల్‌కతా సమయమనే అనుకుని యూటీసీకి మారుస్తుంది. ముందుకు జరగాల్సిన ఐదున్నర గంటలు వెనక్కి జరిగాయి. సర్వర్ సెషన్ (డేటాబేస్‌తో అప్పుడున్న అనుసంధానం) కూడా యూటీసీలోనే ఉంది కనుక బిల్లులో 14వ తేదీ సాయంత్రం నాలుగు అని పడింది. జోన్ ఉన్న విలువ మీద అదే మాట వాడితే సరిగ్గా ఇందుకు తిరగబడి పనిచేస్తుంది: కోల్‌కతా సమయం ఇచ్చి, జోన్ తీసేస్తుంది. మాట ఒకటే, దిశలు రెండు. ఇది మీ పాఠ్యపుస్తకంలో ఉందా? లేదు కదా?

ఆ సంస్థవారు చేయాల్సింది చిన్నదే. ముందు ‘ఎట్ టైమ్ జోన్ యూటీసీ’ అని విలువ ఎక్కడిదో చెప్పాలి, ఆ వెంటనే ‘ఎట్ టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా’ అనాలి. రెండుసార్లు. లేదా మొదటే జోన్ ఉన్న రకంలో దాచాలి. ఆ రకం పేరు చూసి జోన్ కూడా లోపల ఉంటుందని నమ్మకండి. లోపల ఉండేది యూటీసీ క్షణం, ఎనిమిది బైట్లు, అంతే. మీరు ఏ జోన్‌తో ఇచ్చారో దానికి గుర్తుండదు. చూపించేటప్పుడు మీ సెషన్ జోన్‌లోకి మార్చి చూపిస్తుంది.

మరి ఏషియా/కోల్‌కతా అని అంత పొడుగ్గా ఎందుకు, ప్లస్ ఐదున్నర అంటే పోదా అని ఒక అబ్బాయి నన్ను అడిగాడు. పోదు నాయనా. పోస్ట్‌గ్రెస్‌లో జోన్ పేరుండాల్సిన చోట ‘+05:30’ అని రాస్తే అది పోసిక్స్ అనే ప్రమాణం లెక్క పాటిస్తుంది. ఆ లెక్కలో ప్లస్ అంటే గ్రీనిచ్‌కు పడమర. మళ్లీ వెనక్కే పోతారు. అదే ‘+05:30’ను తేదీ విలువ చివర రాస్తే తూర్పు! ఇది అధికారిక పత్రాల్లో ఉంది, అయితే వెనక అనుబంధంలో. పోనీ ఐఎస్‌టీ (ఇండియన్ స్టాండర్డ్ టైమ్) అందామా? మామూలు అమరికలో చాలా వెర్షన్లకు ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్ సమయం, యూటీసీకి రెండు గంటలే ముందు. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లోనైతే జోన్ పట్టికలు ఎక్కించకుండా, సమయం మార్చే కన్వర్ట్ టీజెడ్ ఫంక్షన్‌కు జోన్ పేరు ఇస్తే నల్ (ఖాళీ విలువ) వస్తుంది. పేరు కోసం అన్ని అగచాట్లు.

అయినా పేరే వాడమంటాను. మీ తాతయ్యల్లో 1943లో పుట్టినవారెవరైనా ఉన్నారా? వారి జాతకం వేసిన సిద్ధాంతిగారిని అడగండి. యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్య వరకు, మన దేశంలో గడియారాలు ఒక గంట ముందుకు జరిపి ఉంచారు. ఐదున్నర కాస్తా ఆరున్నర! లగ్నం గుణించేటప్పుడు ఆ గంట తీసేయాలని వాళ్లకు తెలుసు. అంతకుముందు 1906 దాకా ఐదున్నరే లేదు. మద్రాసు కాలం ఉండేది, ఇప్పటి గడియారానికి దాదాపు తొమ్మిది నిమిషాలు వెనక. నెల్లూరుకు మద్రాసు ఎంత దూరమని! ఏషియా/కోల్‌కతా అనే పేరు వెనక ఈ చరిత్రంతా నమోదై ఉంది. ప్లస్ ఐదున్నర వెనక ఏమీ లేదు. డేటాబేస్ పాఠం సిద్ధాంతిగారి దగ్గర నేర్చుకోమంటున్నాడని నవ్వుకోండి, పరవాలేదు.

నా బాధ పొరపాటు జరిగిందని కాదు. బిల్లు సరిదిద్దారు, తేడా డబ్బు రైతుకు ముట్టింది. కానీ ఆ సంస్థలో ఈ కాలమ్‌లో ఉన్నది ఏ జోన్ సమయమో ఎక్కడా ఒక్క ముక్క రాసిలేదు. అడిగితే ‘అందరికీ తెలిసిందే కదండీ’ అన్నారు. ఎవరా అందరూ? దాన్ని మొదట రాసినవారు మానేసి వెళ్లిపోయారు. సరిదిద్దిన తరువాతైనా రాశారా అంటే, అదీ లేదు. వచ్చే సీజన్‌కు ఇంకో కొత్తబ్బాయి వస్తాడు, ‘ఎట్ టైమ్ జోన్’ ఒక్కసారే రాస్తాడు.

కనుక ఈ పూట ఇంటికి వెళ్లేలోగా ఒక పని చేయండి. మీ ప్రాజెక్టుల్లో సమయం దాచే ప్రతి కాలమ్‌కూ ఒక వరుస రాయండి: దాచిన విలువ, దాని రకం, సెషన్ జోన్, రాసిన ఆదేశం, వచ్చిన జవాబు. ఉదాహరణకు మధ్యాహ్నం పన్నెండు తీసుకోకండి, అక్కడ ఏ తేదీ తప్పూ బయటపడదు. మన అర్ధరాత్రికీ ఐదున్నరకూ మధ్య సమయమే తీసుకోండి. మొదటి వరుస నేనే చెబుతాను, పెన్నులు తీయండి: జనవరి 14, రాత్రి 9:30, జోన్ లేని టైమ్‌స్టాంప్, సెషన్ యూటీసీ, ‘ఎట్ టైమ్ జోన్ యూటీసీ, ఎట్ టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా’, జవాబు జనవరి 15, తెల్లవారుజామున 3:00.