పద్దు లేని వయసు

(కొత్తగా ఎన్నికైన సర్పంచులు, వార్డు సభ్యులు, యువజన సంఘాల కోసం జరిగిన మండల సమావేశంలో ఒక విశ్రాంత పంచాయతీరాజ్ ఉద్యోగి చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, 2025 డిసెంబరు ఎన్నికల్లో గెలిచి వచ్చిన సర్పంచులకు, ఉపసర్పంచులకు, వార్డు సభ్యులకు, పంచాయతీ కార్యదర్శులకు నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలూ, ముందు రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఇవాళ మాట్లాడేది మీ డబ్బు గురించే, అంటే పంచాయతీ యువత కోసం పక్కన పెట్టాల్సిన డబ్బు.

నేను ఈవోపీఆర్డీగా, అంటే మండలంలో పంచాయతీల పని చూసే అధికారిగా ఉన్న రోజుల్లో ఒక ఊళ్లో గ్రామసభకు వెళ్లాను. పది పన్నెండు మంది కుర్రాళ్లు అర్జీ తెచ్చారు. వాలీబాల్ నెట్ ఒకటి, బంతులు రెండు, బడి వెనక స్తంభానికి ఒక లైటు కావాలన్నారు. అంతే. సర్పంచి గారు వెంటనే ఒప్పుకున్నారు. కార్యదర్శి మాత్రం పెన్ను పట్టుకుని నా వైపు చూసి, "సార్, ఏ పద్దు కింద రాయమంటారు?" అన్నాడు. నాకూ తోచలేదు. చివరికి 'ఇతర ఖర్చులు' అని రాయించాను. మరుసటి ఏడు ఆడిట్ వాళ్లు దాని మీద అబ్జెక్షన్ పెట్టారు. ఆ నెట్టు చిరిగిపోయిన తర్వాత కూడా నేను దానికి జవాబులు రాస్తూనే ఉన్నాను.

అప్పుడు విసుగొచ్చింది కానీ, తర్వాత ఆలోచిస్తే కార్యదర్శి అడిగింది సరైన ప్రశ్నే అనిపించింది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దానితో వచ్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ అంశాలు 29 ఉన్నాయి. వ్యవసాయం నుంచి రేషన్ దాకా, చేపల నుంచి సంతల దాకా అన్నీ ఉన్నాయి. యువజనుల పేరు లేదు. ఆటల పేరు కూడా లేదు. అదే పట్టణాల కోసం రాసిన 12వ షెడ్యూలు తీయండి, అందులో పార్కులు, ఆటస్థలాలు అని స్పష్టంగా ఉంది. పల్లెలో ఆడుకోవడానికి పొలాలున్నాయి కదా అనుకున్నారో ఏమో!

ఈ మధ్య పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలు 9 ఇతివృత్తాల కింద రాయమంటున్నారు. బాలల స్నేహపూర్వక గ్రామం ఒకటి, మహిళా స్నేహపూర్వక గ్రామం ఒకటి, నీరు, ఆరోగ్యం, పరిశుభ్రత, ఇలా ఉంటాయి. బాలసభ పెట్టాలి, మహిళాసభ పెట్టాలి. మంచిదే. మరి పదో తరగతి దాటి, ఉద్యోగం రాక, పెళ్లి కాక, ఇంట్లో ఉండలేక, బస్టాపులో ఫోను చూసుకుంటూ కూర్చునే వయసు సంగతేమిటి? 18 నిండగానే ఓటు ఇస్తాం. పోటీ చేయాలంటే 21 రావాలి. ఈ వయసు వాళ్లు ఓటర్ల జాబితాలో ఉంటారు, ప్రణాళికలో ఉండరు.

ఇక డబ్బు సంగతి. కొత్త సర్పంచులు ఈ లెక్క గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. ఆ ఐదేళ్లలో అందులో 60 శాతం టైడ్, అంటే దేనికి వాడాలో ముందే తేల్చేసిన డబ్బు. సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మిగిలిన 40 శాతం అన్‌టైడ్, ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది. కానీ జీతాలకు, ఆఫీసు నిర్వహణకు వాడకూడదు. ఇంకో షరతు, ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. మన తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. గ్రాంటు ఆగిన ఆ రోజుల్లో ట్రాక్టరు డీజిల్‌కు కార్యదర్శులు ఎంత టెన్షన్ పడ్డారో ఇక్కడున్న వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఉదాహరణకు ఆ లెక్కన ఒక పంచాయతీకి ఏడాదికి 10 లక్షల గ్రాంటు వచ్చిందనుకుందాం. 6 లక్షలు నీటికీ మోరీలకూ పోతాయి. మిగిలిన 4 లక్షల్లో సీసీ రోడ్డు అడిగే వార్డు ఒకటి, వీధి దీపాలు అడిగే వార్డు ఇంకొకటి. అందులో 5 శాతం, అంటే 20 వేలు పక్కన పెట్టమని నేనడుగుతున్నాను. ఇరవై వేలకు ఏమొస్తుంది అని నవ్వకండి. బంతులు, నెట్లు, దీపం, రెండు దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు కొన్ని వస్తాయి.

రానిది మనిషి. అసలు లోటు అక్కడే ఉంది.

2022 జూన్‌లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, లాంగ్‌జంప్ గుంత, కసరత్తు కడ్డీలు, ఒక బోర్డు. ఆలోచన మంచిది, నేను తప్పుపట్టను. కానీ ఇప్పుడు వెళ్లి చూడండి. కొన్ని ఊళ్లలో పిల్లలు ఆడుతున్నారు. చాలా ఊళ్లలో బోర్డు ఉంది, చుట్టూ తుమ్మచెట్లు మొలిచాయి. స్థలం ఎక్కడ దొరికితే అక్కడ పెట్టారు, కొన్నిచోట్ల అది శ్మశానం పక్కన. నా మాట ఏమిటంటే, కట్టడానికి పద్దు ఉంది, గడ్డి కోయడానికి లేదు. ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో, రికార్డు చేసి బిల్లు పెట్టగలిగే పని మనకు సులువు. సాయంత్రం ఐదుకు తాళం తీసి, ఏడుకు వేసి, పోట్లాట వస్తే సర్దిచెప్పే మనిషికి నెలకు మూడు వేలు ఇవ్వడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 26న 'ఆడుదాం ఆంధ్రా' పోటీలు పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. అలాంటి పండగలు రాష్ట్రం చేయగలదు. పండగ అయిపోయాక మిగిలిన రోజులు ఊరివి.

ఉమ్మడి రాష్ట్రంలో మనిషిని పెట్టే ప్రయత్నం జరగకపోలేదు. హైదరాబాద్‌లో సెట్విన్, ఏలూరులో సెట్వెల్, కర్నూలులో సెట్కూరు, శ్రీకాకుళంలో సెట్‌శ్రీ, ఇలా యువతకు శిక్షణ ఇచ్చే సంస్థలు వచ్చాయి. అవి జిల్లా దగ్గరే ఆగాయి. ఊరి దాకా రాలేదు.

పద్దు పెడితే పని జరుగుతుందనడానికి రుజువు మన ఊళ్లోనే ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్ అన్నారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నారు. సర్పంచులు తిట్టుకున్నారు, కానీ ప్రతి ఊళ్లో నర్సరీ వచ్చింది, ట్యాంకరుతో నీళ్లు పోశారు. మొక్క ఎండితే మెమో వచ్చేది. పిల్లాడు డిగ్రీ మధ్యలో ఆపేస్తే ఎవరికీ మెమో రాదు. కేరళ వాళ్లు 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, స్థానిక సంస్థల ప్రణాళిక నిధుల్లో 10 శాతం స్త్రీలకని కేటాయించారు. యువత కోసం అక్కడ కేరళోత్సవం అనే ఆటల, కళల పోటీల పండగ ప్రతి ఏటా పంచాయతీ స్థాయిలో మొదలై రాష్ట్రం దాకా వెళ్తుంది. మనం కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

సరే, ఆ మనిషికి డబ్బు ఎక్కడిది? ఆర్థిక సంఘం డబ్బుతో జీతం ఇవ్వకూడదు కాబట్టి సాధారణ నిధి నుంచే రావాలి. అంటే ఇంటి పన్ను, సంత వేలం, లేఅవుట్ ఫీజులు. యువజన సంఘాలకు ఇక్కడ ఒక మాట. మీ ఇంటి పన్ను బకాయి ఉంటే ముందు అది కట్టించండి. కట్టకుండా సర్పంచిని అడిగితే ఆయన ఏ నోటితో జవాబు చెబుతాడు?

పన్నుతో పాటు మీరు కట్టేది ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. 1960 చట్టం నుంచీ వస్తున్నదే. ఊరి ఇంటి పన్ను 3 లక్షలైతే 24 వేలు గ్రంథాలయానిది. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలా స్థానిక సంస్థలు చేయవు. వీధి దీపాల బిల్లు ముందు, పుస్తకం తర్వాత. నేను పనిచేసిన చోట కూడా అలాగే జరిగింది, నేను కూడా సంతకం పెట్టాను, దాచను. ఇవాళ మండల కేంద్రంలో గ్రంథాలయానికి పొద్దున ఎనిమిదికి వెళ్లండి. గ్రూప్-2కీ, కానిస్టేబుల్‌కీ, డీఎస్సీకీ చదివే పిల్లలు టిఫిన్ డబ్బాలు తెచ్చుకుని, కుర్చీ దొరక్క మెట్ల మీద కూర్చుని చదువుతుంటారు. బకాయి కట్టేసి, మా ఊరికి పుస్తక నిక్షేప కేంద్రం, అంటే గ్రంథాలయ పుస్తకాలు ఊళ్లోనే దొరికే చోటు, ఇవ్వండి అని అడిగే పంచాయతీకి వేరే బలం ఉంటుంది. అన్నట్టు, వేటపాలెం సారస్వత నికేతనం అనే గ్రంథాలయం 1918లో పుట్టింది ఆ ఊరి యువజన సంఘం చేతుల్లోనే. అప్పుడు వాళ్ల వెనక ఏ గ్రాంటూ లేదు.

కుర్రాళ్ల చేతికి డబ్బిస్తే తినేస్తారని కొందరు సర్పంచులు నాతో అన్నారు. వినాయక చవితికి ఎవరు చందాలు వసూలు చేస్తున్నారు? టెంటు, మైకు, ట్రాక్టరు, అన్నదానం లెక్కలన్నీ నోటుబుక్కులో రాసి చివరి రోజు మైకులో చదివేది ఎవరు? బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. ఆ డబ్బు ఊరి పనులకు వాడుకుంటున్నారు. లెక్క చూపించడం మన వాళ్లకు తెలుసు. చందా ఇచ్చిన వాడు అడుగుతాడు కాబట్టి చూపిస్తారు. పంచాయతీ డబ్బుకూ అలాగే అడిగించుకుందాం.

ఒక షరతు మాత్రం నాది. ఈ డబ్బు మగపిల్లల క్రికెట్ కిట్టుకే పోతే నేను ఇక్కడికి వచ్చి లాభం లేదు. మైదానం దగ్గర మరుగుదొడ్డి, దీపం లేకపోతే ఆరు దాటాక ఆడపిల్ల రాదు. వారంలో మూడు సాయంత్రాలు వాళ్లకని తీర్మానంలోనే రాయాలి. కమిటీలో సగం వాళ్లే ఉండాలి. ఊరి పెద్దలు ఒప్పుకోరంటారా? కుట్టు మిషన్ శిక్షణకు పంపినప్పుడు కూడా మొదట ఒప్పుకోలేదు.

పద్దు పేరు సంగతి ఇప్పుడు చెబుతాను. 11వ షెడ్యూలులో మన మాట లేకపోయినా మనకు పనికొచ్చేవి ఉన్నాయి. మైదానం బాగుచేత 'సామాజిక ఆస్తుల నిర్వహణ' కింద రాయండి. పుస్తకాలు, పత్రికలు 'గ్రంథాలయాలు' కింద. డ్రైవింగు, ఎలక్ట్రీషియన్ శిక్షణ 'సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య' కింద. నాటకం, డప్పు, కోలాటం 'సాంస్కృతిక కార్యక్రమాలు' కింద. 'ఇతర ఖర్చులు' అని మాత్రం ఎక్కడా రాయకండి, నా అనుభవం విన్నారుగా. ప్రణాళికలో ఎక్కిందో లేదో ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో ఎవరైనా చూడొచ్చు, ఫోన్లో కూడా. బస్టాపులో కూర్చుని చూసే ఫోనులో అదొకటి చూడండి.

చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. వచ్చే సభలో ఈ తీర్మానం పెట్టించండి. నమూనా కాగితం నేనే రాశాను, నాలుగు పద్దులూ, ఆడపిల్లల సాయంత్రాలూ, మూడు నెలలకోసారి మైకులో లెక్క చదవడమూ అందులో ఉన్నాయి. మొత్తం ఎంతో ఖాళీగా వదిలాను, అది మీ ఊరు నింపుకోవాలి. జిరాక్సులు యాభై తెచ్చాను, తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. భోజనానికి వెళ్లేముందు ఊరికొకటి తీసుకోండి. మిగిలితే నాకు ఇచ్చేయండి, పక్క మండలానికి ఎల్లుండి వెళ్తున్నాను.