లోపాలే ఈ రేడియోలను అరుదు చేశాయి

[తెర మీద: నల్లటి చిన్న ట్రాన్సిస్టర్ రేడియో, ముందు తెల్లటి గళ్ల జాలీ]

దీని ముద్దుపేరు ‘ఐక్యరాజ్యసమితి భవనం’. జాలీ గళ్లు చూస్తే న్యూయార్క్‌లోని ఆ భవనం కిటికీలు గుర్తొస్తాయి, అందుకని. అసలు పేరు టీఆర్-52. తర్వాతి కాలంలో సోనీగా మారిన కంపెనీ 1955 మొదట్లో తయారు చేసింది.

ఆ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన అకియో మొరిటా దీన్ని అమెరికా తీసుకెళ్తే, బులోవా అనే వాచీల కంపెనీ ఏకంగా లక్ష కావాలంది. కాకపోతే పైన బులోవా పేరే ఉండాలట. మొరిటా ఒప్పుకోలేదు. దీన్ని అందరూ ఆత్మగౌరవం కథగా చెప్తారు. నాకైతే అదృష్టం అనిపిస్తుంది. ఎందుకంటే వేసవి రాగానే ఆ తెల్ల జాలీ వంకర తిరిగి, కేబినెట్ నుంచి పైకి లేచిపోసాగింది. లక్షా తిరిగొచ్చేవి! చివరికి టీఆర్-52ని పక్కన పెట్టి, ఆగస్టులో టీఆర్-55ని అమ్మకానికి తెచ్చారు. అందుకే ఇప్పుడు టీఆర్-52 కంటపడటమే గగనం.

[తెర మీద: తేనె రంగు ఫాడా ‘బుల్లెట్’]

ఇది ఫాడా కంపెనీ ‘బుల్లెట్’, 1940ల నాటి అమెరికన్ రేడియో. తేనె రంగులో ఉంది కదా? ఇలాంటివి చాలావరకు కొత్తలో తెల్లగా ఉండేవి. కేబినెట్ కేటలిన్ అనే ప్లాస్టిక్. ఆ కాలపు మరో ప్లాస్టిక్ బేకలైట్‌లో చెక్కపొడి కలుస్తుంది కాబట్టి ముదురు రంగులే వస్తాయి. కేటలిన్‌లో అది ఉండదు, అందుకే ఈ నిగనిగ, ఈ పాలరాతి చారలు. ఏళ్లు గడిచేకొద్దీ పైపొర పసుపెక్కుతుంది. నీలం రేడియో అయితే ఆకుపచ్చగా కనిపిస్తుంది!

రంగు పోతే పోయింది. అసలు తలనొప్పి వేరే ఉంది: కేటలిన్ మెల్లమెల్లగా కుంచించుకుపోతుంది. లోపలి భాగాలన్నీ బిగించే లోహపు చట్రం, అంటే ఛాసిస్ మాత్రం అంతే ఉంటుంది. ఒకనాటికి కేబినెట్టే చిట్లుతుంది. దానికి తోడు వాల్వుల వేడి. ట్రాన్సిస్టర్లకు ముందు రేడియోల్లో వాడిన గాజు గొట్టాలే వాల్వులు.

[తెర మీద: ఛాసిస్ దగ్గరగా]

ఆ కాలపు ఐదు వాల్వుల చౌక రేడియోల్లో ఇంకో ప్రమాదం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మిగుల్చుకోవడానికి వాల్వుల లోపల వేడెక్కే తీగలను, అంటే ఫిలమెంట్లను, ఒకదాని తర్వాత ఒకటిగా వరసగా కలిపేవారు. 12, 12, 12, 35, 50 వోల్టులు. కూడితే 121, అంటే దాదాపు అమెరికా ఇళ్ల కరెంటు! చాలావాటిలో మెయిన్స్ తీగ ఒకటి ఛాసిస్‌కే కలిసి ఉంటుంది. ప్లగ్ తిరగేసి పెడితే ఛాసిస్ ముట్టుకున్నా షాకే.

కాబట్టి కేటలిన్ రేడియో మీ చేతికొస్తే ముందు ప్లగ్ పెట్టకండి. వెనక నుంచి చూడండి. ఛాసిస్ చుట్టూ సందు లేకపోతే బలవంతంగా లాగొద్దు, కేబినెట్ పగిలిపోతుంది.